నరసాపురమునకు వచ్చిన సాయము, రంగూనునకు వెళ్లని సాయము

ఈ యేటి మహాసభ సంచికకై యొక చరిత్రవ్యాసమును వ్రాసి పంపవలసినదని సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. మన సంఘము కట్టించిన విద్యార్థి వసతిగృహమును గూర్చియు, కల్యాణమండపమును గూర్చియు, మహాదాతల జీవితములను గూర్చియు వెనుకటి సంచికలలో పెద్దలు వ్రాసియే యున్నారు. మేము మరల వ్రాసినచో చర్వితచర్వణమగును. కావున సంఘపు జమాఖర్చులలో ఏటేట కనబడుచు, ఎవ్వరును ప్రశ్నింపని యొక చిన్న పద్దును గూర్చి వ్రాయ సంకల్పించితిమి. దాని పేరు పరదేశ సహాయ నిధి. 2008 వ సంవత్సరమున ఏర్పడినది. నాటినుండి నేటివరకు దానిలో వడ్డీ పెరిగినది గాని, దానినుండి ఒక్క రూపాయియు పరదేశమందలి దరిద్రునకు చేరలేదు. ఆ నిధిని కల్యాణమండపపు భోజనశాల విస్తరణకు మార్చవలెనను తీర్మానము ఈ మహాసభలో చర్చకు రానున్నది. ఆ చర్చకు ముందు, పరదేశదరిద్రులకు సాయపడుట యనునది ఎట్టి కార్యమో, దానిని చేసినవారు ఎట్లు చేసిరో, చేయనివారు ఎందుచేత చేయలేకపోయిరో, మన గోదావరీ మండల చరిత్రనుండియే విన్నవించెదము.

ఇచ్చట పాఠకులు మమ్ము మన్నింపవలెను. పరదేశదరిద్రులనగనే మన మనస్సున మెదలునది మనము దాతలము, ఇతరులు గ్రహీతలు అను భావము. చరిత్ర చూచినచో, ఒకప్పుడు పరదేశదరిద్రులము మనమే. ఇంగ్లండు దేశమున డెవను మండలములోని బార్న్‌స్టేపుల్ అను చిన్న పట్టణపు ప్రజలకు మన నరసాపురము పరదేశము. మన పాలకొల్లు పల్లెలలోని కూలిజనము పరదేశదరిద్రులు.

ఆ కథ యిట్లున్నది. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అను నతడు ఎక్సెటరు పట్టణమున దంతవైద్యుడు. మంచి ఆదాయము గలవాడు. ఉన్న సంపదను దాచుకొనక ధర్మమునకు వినియోగింపవలెనని 1825 లో ఒక చిన్న పుస్తకమును ప్రకటించి, తాను వ్రాసినట్లే నడచుకొనినవాడు. 1829 లో బాగ్దాదు నగరమునకు పోయి, అచ్చట 1831 నాటి మహామారిలో భార్యను కోల్పోయెను. పిదప ఆర్థర్ కాటన్ దొర ప్రోద్బలమున 1833 లో మన దేశమునకు వచ్చెను. ఈ కాటన్ దొరయే తరువాత ధవళేశ్వరము ఆనకట్టను కట్టించి మన జిల్లాల రూపమును మార్చిన మహానుభావుడు. ఆనకట్ట పని 1847 లో మొదలై 1852 లో ముగిసినదని మన పాఠశాలల బాలురెల్లరు ఎరుగుదురు. ఆనకట్టకు పదునాలుగేండ్లకు ముందే ఆయన చొరవవలన ఇంకొక విధమైన ప్రవాహము ఈ దేశమునకు దారితీసినదని యెరిగినవారు తక్కువ.

గ్రోవ్స్ స్వదేశమునకు మరలి వెళ్లి, 1836 లో కొందరు సహచరులతో మరల ఓడ యెక్కెను. జూలై మాసమున ఆ ఓడ చెన్నపట్టణము చేరినది. అందులో బార్న్‌స్టేపుల్ ప్రాంతమునుండి వచ్చిన రెండు జంటలు గలవు. ఒకరు విలియం బౌడెన్. రాతిపని చేయు తాపీవాడు. రెండవవారు జార్జి బీర్. పాదరక్షలు కుట్టు వృత్తివాడు. భార్యలతో గూడ వచ్చిరి. (ఆ ఓడలోనే హెర్మన్ గుండర్టు అను జర్మను పండితుడు గ్రోవ్స్ పుత్రులకు ఉపాధ్యాయుడుగా వచ్చెను. ఓడలో ఆయన అభ్యసించిన భాషలలో తెలుగు నొకటి. తరువాత మలయాళదేశమునకు పోయి, 1872 లో మలయాళ నిఘంటువును ప్రకటించెను. ఓడ దిగిన పిదప ఆయన ఉత్తరమునకు వచ్చియుండినచో ఆ నిఘంటువు మనకు దక్కియుండునేమో యని, భాషోపాధ్యాయులమగు మాకు అప్పుడప్పుడు అసూయ కలుగుచుండును.)

బౌడెన్, బీర్ దంపతులు మచిలీపట్టణమున కొంతకాలముండి, పిదప వసిష్ఠాతీరమున నున్న నరసాపురమునకును పాలకొల్లు ప్రాంతమునకును వచ్చి స్థిరపడిరి. అప్పటి స్థితిని తలచుకొనుడు. 1833 నాటి నందన కరవు ఈ తీరమును నలిపివేసి మూడేండ్లయినది. 1839 నవంబరులో గాలివానయు ఉప్పెనయు వచ్చి కోరంగి రేవును ముంచివేసినవి. కాలువలు లేవు. పల్లెలలో పంట వానపాలు. అట్టి కాలమున, జీతమునకు నిర్ణయము లేక, కుంపిణీ ఉద్యోగము లేక, ఇద్దరు చేతిపనివారు భార్యలతో వచ్చి తెలుగు నేర్చుకొన మొదలిడిరి. మొదటి యేండ్లలో వారి మాట వినినవారు కొద్దిమందియే. బౌడెన్ దొర నాలుగు దశాబ్దములు ఇచ్చటనే యుండెను. ఈ సంస్థకు గోదావరి డెల్టా మిషను అని పేరు.

మతవిషయమున మా దారి వేరు. వారు మతప్రచారమునకే వచ్చిరి. దానిని మరుగుపరచుట చరిత్రకారునకు తగదు. కాని వారు పెట్టిన పాఠశాలలను గూర్చి చెప్పవలసివచ్చినపుడు మేము తల వంచుకొని చెప్పవలసిన మాట యొకటి కలదు. అంటరానివారని మనము ఊరి వెలుపల నుంచినవారి పిల్లలు మన వీధిబడి అరుగు తొక్కలేని దినములలో, వారు ఆ పిల్లలను కూర్చుండబెట్టి అక్షరములు దిద్దించిరి. మా తాతగారు వీధిబడి నడపిరి. ఆ బడిలో అట్టి బాలుడొక్కడును చదివినట్లు మా యింట నెవ్వరును చెప్పగా మేము వినలేదు. మేము ముప్పదియైదేండ్లు తెలుగు సంస్కృతములు బోధించినాము. మా శిష్యులలో మిక్కిలి చురుకైనవారు కొందరు ఆ పేటలనుండి వచ్చినవారే. వారి ముత్తాతలకు మొదటి పలక యిచ్చిన చేయి మనది కాదు.

ఇక ఆ సంస్థ నడచిన తీరును గూర్చి. మనవంటి సంఘములకు పనికివచ్చు భాగము ఇదియే గాన కొంచెము విస్తరించి చెప్పెదము.

నరసాపురమునకు ధనము పంపినవారిలో ముఖ్యుడు బ్రిస్టలు నగరమున నివసించిన జార్జి ముల్లర్. ఇతడు గ్రోవ్స్ సోదరిని వివాహమాడినవాడు. 1834 మార్చిలో ఒక చిన్న ధర్మనిధిని స్థాపించెను. తరువాతి కాలమున అనాథశరణాలయములను కట్టించి పదివేల మంది అనాథలను పోషించి లోకప్రసిద్ధుడయ్యెను గాని, నిధి పుట్టినప్పుడు మిక్కిలి చిన్నది. దానికి కొన్ని కట్టుబాట్లు గలవు. అప్పు చేయరాదు. ఎవరినిగాని యాచింపరాదు. సంవత్సరాంతమున వచ్చినదియు పోయినదియు అచ్చువేయింపవలెను. దాతల పేర్లు ప్రకటింపరాదు. ఏ తేదిన ఎంత వచ్చినదో మాత్రమే ప్రకటింపవలెను. పేదరాలు పంపిన పెన్నీయు, ధనికుడు పంపిన నూరు పౌనులును ఒకే వరుసలో, ఒకే అక్షరములలో అచ్చుపడుచుండెను. పాలరాతి ఫలకములపై పేర్లు చెక్కించుకొను అలవాటు గల మనకు ఈ కట్టుబాటు చోద్యముగ తోచవచ్చును. మేము దాతల నిందింపదలపలేదు. ఫలకములు లేనిచో మన వసతిగృహమే లేచియుండెడిది కాదని మాకు తెలియును. కాని దూరదేశమునకు పోవు ధనమునకు ఫలకము చెక్కుటకు గోడ యుండదు. అచ్చుపడిన లెక్కయే దానికి గోడ.

అప్పు చేయరాదను కట్టుబాటు విలువ యెంతటిదో గ్రోవ్స్ జీవితముననే కాననగును. ఆయన చెన్నపట్టణమున దంతవైద్యముచే కొంత ఆర్జించుచు, పిదప చిత్తూరునకు పోయి, ధర్మసంస్థ తన కాళ్లపై తాను నిలువవలెనను సదుద్దేశముతో పొలము చేయించెను, పట్టుపరిశ్రమ పెట్టెను, దానికి అప్పు తెచ్చెను. పరిశ్రమ చెడినది. అప్పు మిగిలినది. ఆ భారము ఆయన శేషజీవితమును క్రుంగదీసినది. 1853 లో బ్రిస్టలులో ముల్లర్ గృహముననే కన్నుమూసెను. ఒకే కుటుంబమునకు చెందిన ఇద్దరు, ఒకే యుద్దేశము, ఒకరు చేతికి వచ్చినంతయే పంపి నిలిచిరి, ఒకరు రాబోవు లాభమును నమ్మి చెడిరి. అయినను గ్రోవ్స్ చెప్పిన దొక మాట నిలిచినది. ఏ దేశమునకు పోయినను ఆ దేశపువారి చేతికే పనిని అప్పగింపవలెను, పోయినవాడు దొరతనము చేయరాదు అని ఆయన అభిప్రాయము. ఆ కాలపు దొరలలో ఇట్లు తలచినవారు అరుదు.

నరసాపురమును గూర్చి చెప్పుచు అల్లికను విడుచుట యన్యాయమగును. 1844 ప్రాంతమున మక్రే అను స్కాట్లండు దేశపు మిషనరీయు ఆయన భార్యయు ఈ సీమ స్త్రీలకు కొక్కెపు సూదితో లేసు అల్లుట నేర్పిరని చెప్పుదురు. మొదట ఆ లేసును స్వదేశమందలి మిత్రులకు పంపుచుండిరి. వారు దానికి ప్రతిగా పంపిన ధనము సంస్థకు వచ్చుచుండెను. అనగా దరిద్రునకు ఊరక చేయి చాపుట నేర్పక, చేతికి పని నేర్పిరి. ఎంతయో బాగున్నది. కాని కథ అచ్చట ముగియలేదు. 1900 ప్రాంతమునకు వ్యాపారము స్థానిక వర్తకుల చేతికి వచ్చినది. పాలకొల్లు, నరసాపురము పరిసరములలో వేలకొలది యిండ్లలో, గడప దాటి కూలికి పోరాని ఘోషా కుటుంబములలో సైతము, స్త్రీలు అరుగుమీద కూర్చుండి అల్లుచుండిరి. 1970 దశాబ్దపు చివర మరియా మీస్ అను జర్మను విదుషి ఇచ్చటికి వచ్చి పరిశోధించి 1982 లో ఒక గ్రంథమును ప్రకటించెను. అల్లువారిని కూలివారుగ నెవ్వరును లెక్కింపలేదనియు, ఇల్లాండ్రు తీరికవేళ చేసికొను పనియని చెప్పి స్వల్పమైన ప్రతిఫలమిచ్చుచుండిరనియు, లాభము ఎగుమతి వర్తకులకు పోవుచుండెననియు ఆమె చూపినది. 2024 లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. అయినను ధర్మముగ మొదలైనది కొన్ని తరములలో లెక్క చూచువారు లేనందున ఎట్లు మారినదో తెలిసికొనుటకు ఇంతకంటె దగ్గరి దృష్టాంతము మనకు వేరు లేదు. మా తల్లిగారును అల్లినవారే. ఆమె చేతి లేసు ఏ దేశమున ఏ బల్లమీద పరచియున్నదో ఆమెకు తెలియదు. ఆ లేసునకు అచ్చట వెలయెంతయో యును తెలియదు.

ఇంతవరకు మనకు వచ్చిన సాయము. ఇక మననుండి పోయిన జనమును గూర్చి చెప్పవలెను.

గౌతమీ ముఖమున నున్న కోరంగి ఒకనాటి మహా రేవు. 1789 లోను 1839 లోను వచ్చిన ఉప్పెనలచేతను, మేటవేసిన ఒండ్రుచేతను అది క్షీణించి, వ్యాపారము కాకినాడకు తరలినది. కాని దాని పేరు సముద్రముల కావల నిలిచిపోయినది. 1843 లో తెలుగు కూలీలతో మారిషసు చేరిన ఓడ పేరు కోరంగి పాకెట్టు. ఆ ద్వీపమున తెలుగువారిని కోరంగీలనియే పిలిచిరి. బర్మాదేశమునను అట్లే. కాకినాడనుండి పోయినవాడైనను, విశాఖపట్టణమునుండి పోయినవాడైనను, బర్మీయులకు కోరంగీయే. మన ఊరి పేరు అచ్చట ఇంచుక తిట్టుమాటగా మారినది. మన పల్లెలలో రంగూనును రంగమనుచుండిరి. రంగము పోయి వచ్చినవారు కట్టిన మేడలు కొన్ని మన గ్రామములలో ఇప్పటికి నిలిచియున్నవి. మేడ కట్టలేనివారి సంఖ్య చెప్పు గోడలు లేవు.

పోయిన విధమిది. మేస్త్రీ యనువాడు రంగూనులోని యజమానినుండి ధనము తెచ్చి, పల్లెలో కూలివానికి ముందుగా కొంత ముట్టజెప్పి, స్టీమరు చార్జీ తానే కట్టి, ఆ మొత్తమంతయు కూలివాని బాకీగా వ్రాసికొనుచుండెను. రేవుమీద మూటలు మోసినను, బియ్యపు మిల్లులో పనిచేసినను, కూలిసొమ్ము మేస్త్రీ చేతులమీదుగా రావలసినదే. బాకీ తీరు నాటికి మరల ఇంకొక బాకీ. పండుకొనుటకు ఇరుకైన కూలీ బసలలో ఒక్క గదిలో అనేకులు. 1931 నాటి జనసంఖ్యలో బర్మాయందు భారతీయులు పది లక్షలకు పైబడియుండిరి. రంగూను నగరజనములో సగముకంటె నెక్కువ వారే. ఆ ముందటి సంవత్సరము, 1930 మే మాసమున, ఓడరేవులోని తెలుగు కూలీలు కూలి పెంచుమని సమ్మె చేసిరి. యజమానులు వారి స్థానమున బర్మా కూలీలను తెచ్చిరి. సమ్మె తీరి తెలుగువారు మరల పనిలోనికి రాగానే, వెలివేయబడిన బర్మా కూలీలకును వారికిని 26 వ తేదిన రేవుకడ కలహము రేగి నగరమంతయు వ్యాపించినది. అనేకులు హతులైరి. ఇరుపక్షములవారును దరిద్రులే యని వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ జనమునకు స్వదేశమునుండి వెనువెంట పోయిన ధర్మమేది? మేము వెదకితిమి. రంగూనులో 1921 లో రామకృష్ణ మిషనువారి సేవాశ్రమము ఏర్పడి, కుల మత భేదము లేక దరిద్రరోగులకు, విశేషించి భారతీయ కూలీలకు, ఆశ్రయమైనది. అది వంగదేశపు సన్న్యాసుల పుణ్యము. మన గోదావరీ మండలపు సత్రములు, చలివేంద్రములు, అన్నదానములు ప్రసిద్ధములు. లంకలగన్నవరపు డొక్కా సీతమ్మగారి కీర్తి ఇంగ్లండు రాజప్రాసాదము వరకు పోయినదందురు. అట్టి సీమనుండి బర్మాకూలికి ఏమి పోయినదని చూచినచో మాకు లజ్జ కలుగుచున్నది.

కారణమేమి? మేము శాస్త్రములు చదివినవారము గనుక మా పక్షపు దోషమునే ముందు చెప్పెదము. సముద్రయానమును కలివర్జ్యములలో నొకటిగా నిబంధకారులు లెక్కించిరి. ఓడ యెక్కినవానికి పంక్తిభోజనము లేదని పెద్దలు కట్టడి చేసిరి. ఆకలిగొన్న కూలివానికి ఆ నిషేధము అడ్డురాలేదు. దానమీయగల గృహస్థునకు, చదువు చెప్పగల పండితునకు, ఫిర్యాదు వ్రాయగల ప్లీడరునకు అడ్డువచ్చినది. ఒక తరము గడచునప్పటికి ప్లీడర్లు లండను పోయివచ్చుచునే యుండిరి. రంగము కూలీ బసవంక మాత్రము తిరిగి చూడలేదు. దానమునకు దేశము, కాలము, పాత్రము చూడవలెనని మనకు నేర్పిరి. దేశమనగా పుణ్యక్షేత్రమని మనము అర్థము చేసికొంటిమి. పాత్రుడున్న చోటే దేశమని మా అభిప్రాయము. విరుద్ధముగ వాదించువారు మా యింటికి వచ్చి వాదింపవచ్చును.

1941 డిసెంబరు 23 న రంగూనుపై జపాను బాంబులు పడినవి. 1942 మార్చిలో నగరము జపానువారి వశమైనది. నాలుగు లక్షలకు మించిన భారతీయులు అరకాను కనుమల గుండను, మణిపురపు కొండల గుండను కాలినడకను తరలివచ్చిరి. త్రోవలో కలరాచేతను మలేరియాచేతను ఆకలిచేతను రాలినవారెందరో. యుద్ధానంతరము కొందరు మరల వెళ్లిరి. 1962 లో సైనిక ప్రభుత్వము వచ్చి, 1964 లో దుకాణములను, వ్యాపారములను జాతీయము చేయగా, మరల కట్టుబట్టలతో ఓడ లెక్కి వచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట ఆ రాకకు గురుతు. వచ్చినవారు పోగా అచ్చట మిగిలిన తెలుగువారును కలరు. మోల్మేను, రంగూను ప్రాంతములలో వారి గ్రామములు, రామమందిరములు నేటికిని ఉన్నవి.

దక్షిణాఫ్రికాలో 1860 నవంబరు 16 న దర్బాను చేరిన మొదటి ఓడలోనే తెలుగువారుండిరి. వారి సంతతివారు 1931 లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. మారిషసు ఆంధ్ర మహాసభ 1947 నాటిది. ఇవి కూలీల మనుమలు తమకు తాము కట్టుకొనినవి. ఇచ్చటినుండి మనము పోయి కట్టినవి కావు.

ఇప్పుడు మన నిధి. 2008 మే నెల 2 వ తేదిన నర్గీసు అను తుపాను ఐరావతీ నది డెల్టాను ముంచివేసినది. లక్షకు పైగా జనము నశించిరి. వార్త చదివిన నాడు మేము నిదురపోలేదు. నదీముఖము, వరిచేలు, ఉప్పెన. పేర్లు మార్చినచో అది మన కోనసీమయే. అచ్చట మనవారి సంతతియు కలదు. ఆ వారముననే సంఘ కార్యవర్గము సమావేశమై చందాలు వసూలు చేయ నిశ్చయించి, ఉపసంఘమునకు మమ్ము కార్యదర్శిగా నియమించినది. ఇరువది దినములలో నలుబదియారు వేల మూడువందల యేబది రూపాయలు పోగైనవి. వాటిలో అయిదువందలు ఒక వృద్ధురాలివి. ఆమె తండ్రి 1942 లో నడచివచ్చుచు త్రోవలో పోయెను. ఆమె అప్పటికి తల్లి చంకలో నుండెనట. రసీదు వ్రాయబోగా పేరు వ్రాయవద్దనెను. బ్రిస్టలు నిధి కట్టుబాటును ఆమె యెన్నడును వినియుండదు.

సొమ్ము చేతిలో నున్నది. పంపుట యెవరికి? ఆ ప్రశ్న సొమ్ము వసూలు చేయుటకు ముందు మాకు తోచలేదు. రంగూనులో మాకు తెలిసిన మనిషి యొక్కడును లేడు. 1964 లో తిరిగివచ్చిన కుటుంబమువారు తమ పూర్వపు ఇరుగుపొరుగువారి చిరునామా యొకటి యిచ్చిరి. దానికి ఉత్తరము వ్రాసితిమి. నాలుగు మాసములకు ముద్రలు పడి, కొసలు నలిగి, అది తిరిగివచ్చినది. ఇంతలో ఆడిటరుగారు మరియొక సంగతి చెప్పిరి. పన్ను మినహాయింపు పొందిన ధర్మసంస్థ ప్రత్యేకానుమతి లేక తన యాదాయమును దేశము వెలుపల వ్యయపరచినచో ఆ మేరకు మినహాయింపు పోవును. ఆ దేశపు సైనికప్రభుత్వము బయటి సాయమును మొదటి వారములలో చాలవరకు అడ్డగించినది. కావున సొమ్మును బ్యాంకులో వేసితిమి. తప్పు బ్యాంకుది కాదు, చట్టముది కాదు. అడ్రసు లేక చందా వసూలు చేసిన కార్యదర్శిది. ఆ కార్యదర్శులము మేమే.

నరసాపురపు కథను మేము ఇంత విస్తరించి చెప్పుటకు కారణమిప్పుడు పాఠకులకు స్పష్టమైయుండును. బార్న్‌స్టేపుల్‌వారు ముందు మనిషిని పంపిరి. సొమ్ము ఆ మనిషి వెంట నడచినది. మేము సొమ్మును ముందు నిలిపి మనిషికై వెదకితిమి.

అయినచో నిధిని భోజనశాలకు మార్చుటయే ఉచితమని కొందరు మిత్రులు వాదించుచున్నారు. వారి వాదము యుక్తిలేనిది కాదు. మండపమునకు వచ్చు ఆదాయమువలననే బీదవిద్యార్థులకు వేతనములు ఇయ్యబడుచున్నవి. కాని మేము ఒప్పుకొనలేకున్నాము. పరదేశదరిద్రుడు నేడు ఐరావతీ తీరమున మాత్రమే లేడు. మేము పనిచేసిన కడపటి పాఠశాలలో, తల్లిదండ్రుల సభ నాడు మాకు ఎదురుగ కూర్చుండినవారు సగము మంది అమ్మమ్మలు, నాయనమ్మలు. తల్లి యెచ్చట నున్నదని అడిగినచో, కువైటులో అని సమాధానము. మన ఉభయ గోదావరీ మండలములనుండి ఇండ్లలో పనికై గల్ఫు దేశములకు పోవు స్త్రీలు ఎందరో కలరు. మేస్త్రీ పోయి ఏజెంటు వచ్చినాడు. స్టీమరు పోయి విమానము వచ్చినది. ముందు బాకీ అట్లే యున్నది. యజమాని యనుమతి లేనిదే పని మారుటకు వీలులేని కఫాలా అను కట్టడి అచ్చట కలదు. 2018 లో కువైటు ప్రభుత్వము అనుమతి మించి ఉన్నవారిని జరిమానా లేక స్వదేశమునకు పోనిచ్చెదమని ప్రకటించినపుడు, మా విద్యార్థిని యొకతె తల్లి తొమ్మిదేండ్ల పిదప తిరిగివచ్చినది. బిడ్డ తల్లిని గుర్తుపట్టలేదు. ఆ మధ్యాహ్నము తరగతిలో మేము రఘువంశము చెప్పవలసియుండెను, చెప్పలేదు.

ఇట్టివారికి సాయపడుటకు సొమ్మును సముద్రము దాటింపనక్కరలేదు. అనగా ఆడిటరుగారి అభ్యంతరము ఉండదు. విపత్తులో నున్నవారికై మన రాయబారి కార్యాలయములలో 2009 నుండి ఒక సంక్షేమనిధి యున్నది. దానికి అర్జీ పెట్టుకొనుట యెట్లో పల్లెలోని ముసలితల్లికి తెలియదు. ఆ అర్జీ వ్రాసిపెట్టుటకు రాజమహేంద్రవరమున మన సంఘకార్యాలయములో వారమునకు రెండు పూటలు ఒక మనిషి కూర్చుండిన చాలును. పోబోవు స్త్రీ కాగితములను చూచి, ఏజెంటునకు ప్రభుత్వపు అనుమతిపత్రమున్నదో లేదో చెప్పవచ్చును. వచ్చినవారిని హైదరాబాదు విమానాశ్రయమునుండి ఇల్లు చేర్చవచ్చును. ఇవియన్నియు ఈవలి ఒడ్డున చేయు పనులు. ఆవలి ఒడ్డున ఉద్యోగములలో నున్న మన సంఘసభ్యులు కువైటులో కొందరు కలరు. వారిలో ఇద్దరు సెలవుదినములలో ఫోను ఎత్తుటకు అంగీకరించినారు. ఈ మారు అడ్రసు ముందుగనే సంపాదించితిమి.

అర్జీలు వ్రాయు పని మేము చేసెదము. ముప్పదియైదేండ్లు పిల్లల వ్యాసములు దిద్దిన చేయి ఇంకను వణకుట లేదు. జీతమక్కరలేదు. ఒక బల్ల, ఒక ఫోను, తపాలా ఖర్చు కావలెను. మొదటి సంవత్సరపు లెక్క, అణాపైసలతో అనుటకు ఇప్పుడు వీలులేదు గాన, రూపాయి విడువక వచ్చే సంచికలో అచ్చువేయించెదము; ఎవరికి సాయము చేసితిమో పేర్లు మాత్రము వేయము. సభ్యులు ఒప్పుకొనినచో దాతల పేర్లును వేయము.

నిధి మొత్తము వడ్డీతో గూడ ఎంతయున్నదో ఈ సంచిక చివరనున్న జమాఖర్చుల పట్టికలో ఉన్నది. తీర్మానము రెండవనాటి మధ్యాహ్నపు సభలో చర్చకు వచ్చును. రంగూనునుండి తిరిగివచ్చిన ఉత్తరమును మేము సభకు తెచ్చెదము, చూడగోరువారు చూడవచ్చును.